ముగ్గు పోసిన గది

డాబా మీద నాలుగు మూలలా
నాలుగేసి ఊచలు.
స్లాబు వేసిన ఏడాది నాన్న వదిలేసినవి.
"కొయ్యకండ్రా, ఎప్పుడోకప్పుడు పైకి లేత్తాది" అన్నాడు.
పంతొమ్మిదేళ్ళుగా
తొలకరికి ముందు వాటికి సిమెంటు పాలు పూస్తూ వచ్చాం,
చంటిపిల్లకి నలుగు పెట్టినట్టు.
ఆ మధ్య వాటికి దండెం కట్టాం,
డిష్షు కట్టాం,
ఒక ఏడు చిక్కుడుపాదు కూడా కట్టాం.
గది మాత్రం కట్టలేదు.

ఇప్పుడు తమ్ముడికి సంబంధం కుదిరింది.
వాడు పడుకునేది వసారాలో, నా బండి పక్కన.
కొత్త కోడల్ని
ఏ బండి పక్కన పడుకోమంటాం?

గుబ్బల సింహాచలం మేస్త్రి వచ్చాడు.
టేపు సాగదీసి, ఒక కన్ను మూసి,
పన్నెండు బై పది గది, పక్కన బాత్రూము అని
స్లాబు మీదే ముగ్గు పోసి చూపించాడు.
"ఆరు లక్షల ఎనభై అండి, ఆయ్.
ఇసక ఇయ్యాల్టి రేటండి. రేపటికి నా పూచీ లేదండి."
గోదారి చప్పుడు వింటూ పెరిగినవాళ్ళం,
గోదారి ఇసకకి
నెల ముందు పేరు రాయించుకోవాలట.

నేను చేసేది పాలకొల్లు దారిలో ఐసు ఫ్యాక్టరీలో.
దిమ్మలు రొయ్య మీద బతుకుతాయి,
మేం దిమ్మల మీద.
సముద్రం అవతల ఎవరో పన్ను పెంచారట,
ఇక్కడ వంద కౌంటు ధర దిగిపోయింది.
సగం చెరువులు ఎండగట్టేశారు.
మా కంప్రెసరు ఒక్క షిఫ్టే దగ్గుతోంది.
జీతం పదో తారీకు దాటాక వస్తోంది,
అదీ రెండు ముక్కలుగా.

రాత్రి మంగతాయారు
పాప నాలుగో తరగతి నోటుపుస్తకం వెనక పేజీలు తిప్పింది.
డ్వాక్రాలో లక్ష.
నాంతాడు పెడితే లక్షన్నర.
"బావగారు ఇస్తానన్నది" అని రాసి
అంకె వెయ్యకుండా ప్రశ్న గుర్తు పెట్టింది.
కింద గీత గీసి,
కూడకుండానే మూసేసింది.
"కట్టాక ఫ్యాక్టరీ మూసేస్తే?" అన్నాను.
"కట్టకపోయినా మూసేస్తే?" అంది.
రెండూ నిజాలే.
ఒకే మంచం మీద
నిద్రపట్టక అటూ ఇటూ దొర్లాయి.

అమ్మ డబ్బు ఊసెత్తదు. పునాది గురించే అడుగుతుంది.
"ఇది లంక మట్టిరా.
మీ నాన్న నలభై బళ్ళ మెరక తోలినా
వరదొచ్చిన ఏడు గడప తడిసింది.
పైన బరువెక్కితే కుంగుద్దేమో, చూసుకోండి."
ఇంటి గురించే అంటోందని ఊ కొట్టాను.

తమ్ముడు అసలేమీ అనడు.
నిన్న సాయంత్రం మాత్రం డాబా మీద
ఉప్పుకాయితం ముక్క పట్టుకుని
ఒక్కో ఊచా తుప్పు గీకుతూ కనిపించాడు.
నన్ను చూసి
దండెం మీద బట్టలు తీస్తున్నట్టు తిరిగాడు.

మేస్త్రికి ఆదివారం లోపు ఏదో ఒకటి చెప్పాలి.
వాన పడలేదు, ముగ్గు ఇంకా చెరగలేదు.

ఇవాళ కరెంటు పోతే
చాపలు చంకన పెట్టుకుని అందరం పైకెక్కాం.
మంగతాయారు చుట్టూ తిరిగి వెళ్ళి
గీత ఆగిన చోట,
తలుపు రావలసిన చోట,
లోపలికి అడుగు పెట్టింది.
పాపకి దిండు సర్దింది.
నేను మంచినీళ్ళ చెంబుతో తిన్నగా నడిచి వచ్చేశాను.

"చూసుకు నడవండి," అంది చీకట్లోంచి,
"అది గోడ."