దేవునికి చెప్తుంటే విన్నవి

మా ఆయన నాతోటి మాట్లాడేది తక్కువ.
పొద్దుగాల నాలుగింటికి ఎనుమాముల యార్డుకు పోతడు,
పొద్దుమీకినంక వస్తడు,
బనీను నిండ మిరప ఘాటు.
గడపల కాలు పెట్టకముందే
ఇంట్ల అందరం తుమ్ముతం,
అదే ఆయనొచ్చిన గుర్తు.

"ఎట్లుండె ఇయ్యాల?" అంటే
"ఉండె" అంటడు.
గంతే.

ఎనిమిదింటికి టీవీ బందు.
సువార్తమ్మత్త చాప పరుస్తది,
తబిత బైబిలు తెస్తది,
సీలాసు నిద్ర తెచ్చుకుంటడు.
అత్త పాట ఎత్తుకునేది ఎప్పుడూ రెండు మెట్లు పైనుంచే.
మేం అందుకోలేక నడిమిట్లనే దిగిపోతం,
ఆమె ఒక్కతే చివరి చరణందాక పోయొస్తది.

అప్పుడు జక్రయ్య కండ్లు మూస్తడు.
అందాక "ఏమే" అన్న నోరు
"నీవు నాకు దయచేసిన సహాయకారిణి" అంటది.
బస్తాలు మోసిన తెలుగు ఇడిచి
వాక్యం తెలుగు తొడుక్కుంటడు,
ఆదివారం అంగీ లెక్క.
పెండ్లయి పద్దెనిమిదేండ్లు,
నా మొగని సంగతులు నాకు
దేవుని దిక్కు నుంచే తెలిసినయి.

మొన్న మార్చిల,
చపాట మిర్చి యార్డు గేటు దాటి
రోడ్డు మీదికి ఎర్రగ పొర్లిన నాడు,
"తండ్రీ, నేడు తొట్రిల్లిన నా పాదమును
విరుగకుండ కాచితివి, స్తోత్రం" అన్నడు.
కీర్తనేదో చదువుతుండనుకున్న.
"నలభై కేజీల బస్తా కింద" అన్నడు.
కీర్తనల బస్తా ఎక్కడిది?

ప్రార్థనల కండ్లు తెరవొద్దని
పిల్లలకు నేర్పింది నేనే.
తెరిచిన.
చాప అంచున ఆయన ఎడమ చీలమండ
పొంగిన పూరీ లెక్క.

ఆయన చెప్పుకుంట పోతుండు.
వాన పడనందుకు స్తోత్రం,
కాటా కాడ మేస్త్రి తిట్టి, మళ్ల చాయ తాపినందుకు స్తోత్రం,
రేపటి కూలి సంగతి నీకే ఎరుక.
ఒక్కటన్న అడగలే.
కోపమొచ్చింది నాకు,
దేవుని మీదనో, ఈయన మీదనో.
ఇంత చెప్పినోనివి
"నొప్పి తియ్యి" అనొచ్చు గద.

అందరు ఆమెన్ అన్నరు. నేననలే.
నా వంతొచ్చింది.

నేను సుత ఒకటి దాచిన.
ఆర్నెల్ల సంది నా చెవులకున్నయి
స్టేషన్ రోడ్డుల కొన్న రోల్డ్ గోల్డువి.
అసలు కమ్మలు కుదువకు పోయి
తబిత ఇంటర్ ఫీజయినయి.
ఆయన అడగలే, నేను చెప్పలే.

"ప్రభువా" అన్న.
ఇగ మాట రాలే.
ఫ్యాన్ టకటక కొట్టుకుంటుంది,
పక్కింటి రాజవ్వ సీరియలు
గోడ అవతల ఏడుస్తుంది.
"ప్రభువా, కమ్మలు పెట్టిన కాడ మిత్తి పెరుగుతుంది.
ఇంట్ల చెప్పే ధైర్యమియ్యి" అన్న.
ఇచ్చినంకనే అడిగిన్నని
తర్వాత సమజైంది.

ఎదురుంగ దగ్గు.
మిర్చి దగ్గు కాదది,
నాకు తేడా తెలుసు.

ఆఖరికి సీలాసు,
"యేసయ్యా, బాపు కాలు, అమ్మ కమ్మలు,
మా లెక్కల సారుకు బదిలీ, ఆమెన్."
నిద్రపోలేదన్నట్టు పోరడు.
అత్త నవ్వాపుకోలేక
గట్టిగ స్తోత్రం చెప్పింది.

రాత్రి ఉప్పు వేయించి, గుడ్డల మూటగట్టి
కాలుకు కాపడం పెడుతుంటే
"ఏ షాపుల?" అన్నడు, గోడ దిక్కు చూస్కుంట.
చెప్పిన.
"కాలు సంగతి నాకెందుకు చెప్పలే?"
"చెప్పిన గద."
"నాకు కాదు."
"ఇన్నవు గద మరి."

వారం పండుమంటే
నాలుగో నాడే యార్డుకు పోయిండు.
కమ్మలు ఇంక రాలే.
రోల్డ్ గోల్డువి తీసి
తబిత డబ్బాల ఏసిన.

ఇప్పుడు ఎనిమిది కాకముందే
చాప నేనే పరుస్తున్న.
ఆయన ముందుగాల దేవునికే చెప్పుకోనీ,
నేను పక్కకే ఉంట.
ఖాళీ చెవులకు
మంచిగ వినొస్తది.