మూసిన కండ్ల బొమ్మ

మట్టెవాడల నా దుకాణం.
సచ్చిపోయినోళ్లకు కండ్లు తెరిపిచ్చుడు నా పని.

ఆఖరి ఫొటో తెస్తరు:
కుర్చీల కూసోబెట్టి, దవడకు గుడ్డ కట్టి,
ముక్కుల దూది తీసుడు మరిచి దింపింది.
గుడ్డ విప్పేస్త, దూది తీసేస్త,
రెప్పల జాగల తెల్లరంగు చుక్క పెట్టి
ఇంత చూపు పోస్త.
చూపు యాడికెల్లి తేవాలె?
అద్దంల ఉన్నయి నావి రెండే.
అందుకే గిర్మాజిపేట గోడల మీద
దండల నడుమ ఎందరో ముసలోళ్లు
జరంత నా లెక్కనే చూస్తరు.

మొన్న బుచ్చవ్వ వచ్చింది.
కొంగుల ఓదేలు.
ఆజంజాహి మిల్లుల ఇరవై ఆరేండ్లు నైట్ షిఫ్టు;
మిల్లు మూసినంక గూడ
చీకటి పడంగనే లేచి
టిఫిన్ డబ్బ కోసం తడుముకునేటోడట.
"కండ్లు తెరిపియ్యకు బిడ్డా," అన్నది,
"ఇప్పుడిప్పుడే పండుకున్నడు."

ముప్పై ఏండ్లల్ల నేనెన్నడూ
మూసిన రెప్ప గియ్యలే.
రెప్పంటే తోలు కాదు గద,
దాని కింద తిరిగేదాన్ని గియ్యాలె.

నా తాన ఒక పుస్తకమున్నది,
రద్దీ దుకాణంల కిలో లెక్కన కొన్నది.
అట్ట లేదు, పేర్లు చదవరావు.
ఏ దేశపోళ్లో
నిద్రకూ చావుకూ ఒకటే గిన్నెల రంగు కలిపిన్రు.
ఒకడు నీళ్ల మీద ఒట్టి మొఖం నిలబెట్టిండు.
ఒకతి ఒడి నిండ నల్లమందు పూలు.
వాళ్ల తాన గూడ కరెంటు పోయేదో ఏమో
ఆ పేజీల నిండ అంత చీకటి.

ఆ రాత్రి నేనూ నీళ్లు కలిపిన.
ఇంత నీలం, ఇంత మసి.
ఓదేలు గదుమ దాక పోసిన.
రెప్పల కింద ఏమున్నదో తెల్వక
కండె అనుకున్న,
దారం తెగకుంట తిరిగే కండె.
కాజీపేట దిక్కు గూడ్సు కూసింది.
బొమ్మ ముందర్నే కునుకు పట్టింది.
కలల ఎవరో
నా రెప్పల మీద తడి కుంచె పెట్టి
"ఆరేదాక కదలకు" అన్నరు.

పొద్దుగాల బుచ్చవ్వ
చానసేపు చూసింది.
"ఆయనకు ఈత రాదు," అన్నది.

నీళ్లు తుడిచేసిన.
చద్దరు గీసిన,
ఆమె వేలు పెట్టి చూపిచ్చిన కాడ అతుకుతోని సహా.
కండ్లు గియ్యలేదు గదా అని
యాభై తక్కువిచ్చింది.

బొమ్మను సంకల పెట్టుకోలే.
రెండు చేతుల మీద
పండుకోబెట్టుకొని ఆటో ఎక్కింది.
"మెల్లగ పోనియ్యి కొడుకా," అన్నది
ఆటో పిలగాన్ని,
"ముందట గుంతలున్నయి."