బి పలకదు

క్విరిలా నది ఒడ్డున నా కొట్టులో
సాయంత్రం ఆరు దాటితే
పొయ్యి దగ్గరి స్టూలు తెక్లేది.
ఇంట్లో కట్టెలు పొదుపు. నాకు తెలుసు, అడగను.
కౌంటర్ మీది తక్కెడ పక్కకి జరిపి
నోటుపుస్తకం పరుస్తుంది.
"నజీ అత్తా, అడుగు. రేపే పరీక్ష."

ఇరవై మాటలు.
నాకు ఇంగ్లీషు రాదు. మా కాలంలో బడిలో రష్యన్,
అదీ మరిచాను, తిట్లు మిగిలాయి.
అందుకని కుడివైపు మా భాషలో ఉన్న అర్థం నేను చదువుతాను.
ఎడమవైపు అట్టముక్కతో మూసి
తను చెబుతుంది, రాస్తుంది.

కత్తి, అంటాను.
నైఫ్, అంటుంది. ముందు కె రాస్తుంది.
"కె ఎక్కడ వినబడింది?"
"వినబడదు. ఉంటుంది."
గంట. అవర్. ముందో హెచ్.
ద్వీపం. ఐలండ్. నడుమ ఒక ఎస్,
పెళ్ళి విందులో ఎవరి తరఫో తెలియని చుట్టంలా
తింటూ కూర్చుంటుంది, మాట్లాడదు.

మా అక్షరాలు ముప్ఫై మూడు.
కూలికి వచ్చినట్టు అన్నీ పని చేస్తాయి.
పలకని వాటికి మా దగ్గర కూడు లేదు.
పెద్దక్షరాలూ లేవు,
రాణి పేరూ రొట్టె పేరూ ఒకే ఎత్తు.
ఇంగ్లీషులో 'నేను' ఎప్పుడూ నిలబడే ఉంటుందట,
వాక్యం మధ్యలో కూడా.
"మరి 'నువ్వు'?"
"అది కూర్చోవచ్చు" అంది తెక్లే, పెన్సిల్ కొరుకుతూ.

పద్నాలుగో మాట దగ్గర
నా గొంతు కొంచెం తడబడింది.
అప్పు.

డెట్, అంది. డి, ఇ, బి, టి.
"బి పలకదు, అత్తా.
పలక్కపోయినా రాయాల్సిందేనని ఎలిసో టీచర్ చెప్పింది,
లేకపోతే మార్కు పోతుంది."

నా మోచేయి కింద
నీలి అట్ట పద్దుల పుస్తకం.
బేకరీ గివి ఉన్నాడు అందులో, బస్సు డ్రైవర్ ఉన్నాడు,
మందుల షాపు ఆవిడ కూడా ఉంది, ఎవరికీ చెప్పకండి.
"అరువు రేపు" అని బోర్డు పెట్టమని
మా ఆయన బతికుండగా పోరేవాడు.
మేకు కొట్టాను. బోర్డు రాయించలేదు.
మేకుకి ఇప్పుడు వెల్లుల్లి జడ.

తెక్లే వాళ్ళమ్మ ఇర్మా పేజీ నిండి రెండోది పడింది.
పిండి. నూనె. షాంపూ, చిన్నది. పెన్సిళ్ళు రెండు.
గని జీతం వచ్చే నెల అంటారు,
వచ్చే నెలా అదే మాట అంటారు.
ఇర్మా ఎప్పుడూ "రాసుకో" అనదు.
సంచీ ఎత్తుకుని తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది.
ఆ ఆగడాన్నే నేను రాసుకుంటాను.

పిల్లకి తెలియదనుకునేదాన్ని.
"దీనితో ఒక వాక్యం కూడా రాయాలి" అంది.
రాసింది, చెయ్యి అడ్డం పెట్టుకుని.
చూసినా నేను చదవలేనుగా.
అయినా అడ్డం పెట్టుకుంది.

గురువారం మార్కులు వచ్చాయి. పద్దెనిమిది.
పోయిన వాటిలో ఒకటి బుధవారం,
ఇంగ్లీషు బుధవారంలో ఎందరు నిద్రపోతుంటారో దేవుడికెరుక.
రెండోది డెట్. బి లేకుండా రాసింది.
"మరిచావా?"
"లేదు."
పొయ్యిలో కట్టె చిటపటమంది.
"రాయకపోతే ఏమవుతుందో చూద్దామని."
"ఏమైంది?"
"ఒక మార్కు."

ఆ రాత్రి ఇర్మా వచ్చింది. అరకిలో చక్కెర.
తలుపు దగ్గర ఆగింది.
నేను పెన్ను తీశాను,
తీసి, చెవి వెనక పెట్టుకుని
కుళ్ళిన ఉల్లిపాయలు ఏరడం మొదలుపెట్టాను.
ఆమె ఇంకాసేపు ఆగింది. తర్వాత వెళ్ళింది.

ధర్మసత్రం నడపడం లేదు నేను.
మర్నాడు నూనె రాశాను, పైసలతో సహా.

సోమవారం కొత్త జాబితా.
మొదటి మాట రిసీట్.
"ఇందులో పి పలకదు" అంది తెక్లే.
"మా కొట్టులో
ఆ మాట మొత్తానికే పలకదు" అన్నాను.