పంపకంలో మిగిలింది

ప్వెర్తో మోంత్ కోర్టులో గుమాస్తా అడిగాడు
ఇంకేమైనా ఉందా అని.
ఇద్దరం తలలు అడ్డంగా ఊపాం.
పదహారేళ్ళ కాపురంలో
ఒక్కమాట మీద నిలబడింది అప్పుడే.

అప్పటికి అన్నీ అయిపోయాయి.
ఇల్లు నాకు, పికప్ బండి నిబాల్దోకి,
పొయ్యి నాకు, తడవని కట్టెలు చెరిసగం
(లెక్కపెట్టాం, సిగ్గు లేకుండా).
కుక్క గురువారం దాకా ఇక్కడ, ఆపైన అక్కడ.
చెంచాలు కూడా. బేసిగా మిగిలిన ఒక్కటి
ఎవరి సొరుగులోకి వెళ్ళిందో
కోర్టుకి తెలీదు.

మరిచింది ఒకటుంది.
రాయెన్ పుట్టిన వారం, ఆసుపత్రి మంచం మీద కూచుని
ఫొటోలు దాచుకోడానికి తెరిచిన ఖాతా.
రెండు ఫోన్లకీ ఒకటే పాస్‌వర్డు:
పాప బరువు, గ్రాముల్లో.

విడిపోయిన పదకొండో రోజు
పడవల రేవులో టికెట్లు చింపుతూ ఫోన్ చూస్తే
నా ఆల్బంలో అతని బూట్లు.
బోటు అంచున ఒకదాని మీద ఒకటి వాలి.
మర్నాడు తెగిన వల.
గాలి సిలిండరు మీద వణికే ముల్లు.
కరెంటు బిల్లు.
జేబులోని చీకటి, మూడుసార్లు.
ఆదివారం, గిన్నెలోనే తింటున్న
ఉడకబెట్టిన బంగాళాదుంపలు.
పళ్ళెం కొనుక్కోలేదన్నమాట.
పళ్ళేలన్నీ నేనే రాయించుకున్నాను.

"ఒక్క నొక్కు నొక్కితే పోతుంది కదే"
అంటుంది మా అక్క ఎర్నెస్తీనా.
నిజమే, ఒక్క నొక్కే.
సరిగ్గా అక్కడికొచ్చేసరికి నా బొటనవేలికి
వేరే పనులు గుర్తొచ్చేవి.

పొయ్యి గొట్టం బాగుచేయించాక ఫొటో తీశాను,
ఎవరికోసమో ఒప్పుకోకుండా.
రాయెన్ లెక్కల మార్కులు తీశాను.
కుక్క కాలి కట్టు తీశాను, రెండు వైపుల నుంచీ.
గురువారం అతను గుమ్మంలో నిలబడ్డాడు,
చేతిలో కొత్త గుడ్డకట్టు.
"మార్చాలటగా" అన్నాడు.
ఎవరన్నారని నేనడగలేదు.

వాన తెరిపివ్వని ఆగస్టులో ఒక కప్పు వచ్చింది.
కప్పు చుట్టూ ఎర్రగోళ్ళ వేళ్ళు.
పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూశాను,
గోళ్ళు చదరాలుగా విడిపోయేదాకా.
ఆ రాత్రి నా వాటా కట్టెలు
అవసరానికి మించి కాల్చాను.

అక్టోబరులో నోటీసు: మీ చోటు నిండిపోయింది.
కొంత తీసెయ్యండి, లేదా ఇంకొంత కొనండి.
నావి తీద్దామని కూచున్నాను.
ఒకే సూర్యాస్తమయం ఇరవై సార్లు తీసే అలవాటు నాది.
తీసినవి సరిగా పోయాయో లేదో చూద్దామని
చెత్తబుట్ట తెరిచాను.
ముప్పై రోజుల దాకా అక్కడ ఏదీ చావదు.
అప్పటికే అతను వచ్చి వెళ్ళాడు.
బూట్లు, వల, బిల్లు, బంగాళాదుంపలు,
జేబు చీకట్లు మూడూ,
అన్నిటికన్నా అడుగున ఆ కప్పు.
మా పాతవాటిలో ఒక్కటీ లేదు.
పెళ్ళిలో నా కళ్ళు మూసుకుపోయిన పద్నాలుగూ
ఎక్కడివక్కడే ఉన్నాయి.

పంచుకోవడమంటే రెండు ముక్కలు చెయ్యడమని
గుమాస్తా దగ్గర నేర్చుకున్నాం.
ఫోన్‌లోనూ అదే మాట,
ఒక చిన్న బాణం కింద,
ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాను.

కప్పును బయటికి తీసి, ఉన్నచోట పెట్టాను.
మంచి వెలుతురులో తీశాడు. పోకూడదు.
ఇంకొంత చోటుకి నెలకు పదిహేను వందల పెసోలట,
ఈసారి నా కార్డు నంబరిచ్చాను.

బేసి చెంచా మాత్రం, నిబాల్దో,
నీ దగ్గరే ఉంది.
రెండోసారి చూసినప్పుడు కనబడింది,
బంగాళాదుంపల పక్కన.