ఊదా సిగ్నల్

మా క్వార్టర్‌కు ఒకటే కిటికీ.
దానికి ఎదురుంగ ఎప్పుడూ
బొగ్గు వ్యాగన్ల వరుస నిలబడి ఉంటది.
ఎండ లోపటికి రావాలంటే గూడ్సు కదలాలె,
గూడ్సు కదలాలంటే నేను పోయి తీగలు చూడాలె.

నా నౌకరీ దీపాలది.
కాజీపేట యార్డుల ఏ దీపం ఎందుకు వెలుగుతలేదో
నిద్రల లేపి అడిగినా చెప్త.

గేటు తీసేసి అండర్ బ్రిడ్జి తవ్వేనాడు
గేటు కాపలా ఓదెమ్మ
తన గుమ్టీ పక్క చామంతి ప్రొక్లెయిన్ కిందికి పోకముందే
మూడు కొమ్మలు తుంచి
తడిగుడ్డల చుట్టి నా చేతుల పెట్టింది.
"ఏం రంగు పూస్తది?" అంటే
"పూస్తే తెలుస్తది గద" అన్నది.

ఇనుప ర్యాకు, మూడు అరలు, మూడు కుండీలు.
పై అరకు ఎరుపూ నీలమూ కలిసిన పట్టీ.
ఆరు వందల అరవై, నాలుగు వందల యాభై అని డబ్బ మీద ఉన్నది,
నానోమీటర్లట,
వెంట్రుకను ఎన్ని పాయలు చీరితే ఒకటి వస్తదో.
నడిమి అరకు చల్లటి తెలుపు, దవాఖాన వరండల తెలుపు.
కింది అరకు వెచ్చటిది,
పెండ్లి ఊరేగింపుల పెట్రొమాక్స్ తెలుపు.

మొదటి రాత్రే
రామగుండం నుంచి గూడ్సు తెచ్చిన ఇలియాస్
వాకీటాకీల అడిగిండు:
"ఏమయా, ఊదా సిగ్నల్ ఎప్పుడు పెట్టిన్రు?
ఆగాల్నా, పోవాల్నా?"
యార్డంత నవ్వింది.
పక్క క్వార్టర్ సువార్తమ్మ మాత్రం
మా తలుపు మీద చాక్‌పీసుతోని శిలువ గీసి పోయింది.

నోటుబుక్కుల రాసుకున్న:
చల్లటి తెలుపు కింద మొక్క
పొట్టిగ, దిట్టంగ, కబడ్డి ఆడే పిలగాని లెక్క.
వెచ్చటి దాని కింద
మెడ సాపి ఎవరికోసమో చూస్తున్నట్టు.
ఊదా కింద...
ఏం రాయాలె?
ఆకు పచ్చగున్నదా, పండిందా, పురుగు పట్టిందా,
అంత నల్లగనే కనపడ్తది.
మొక్కకు కావలసిందంత ఆ వెలుగుల ఉన్నది,
నా కంటికి కావలసిందే లేదు.

రైలుకు ఎరుపంటే ఆగు.
మొక్కకు ఎరుపంటే నడువు.
ముప్పై ఏండ్ల చదువు
ఒక ఆకు ముందల తలకిందులయింది.

మూడు నెలలు. రోజుకు పద్దెనిమిది గంటల వెలుగు.
ఆకులు, ఆకుల మీద ఆకులు.
పూసింది కరెంటు బిల్లొక్కటే.

ఓదెమ్మ చూడనీకి వచ్చింది.
ఊదా వెలుగుకు కొంగు అడ్డం పెట్టుకొని
"గివి పండుకునేదెప్పుడు?" అన్నది.
"నా గుమ్టీ కాడ ఒక్క లాంతరు ఉండె.
రైలొస్తే లేపేది, పోతే దించేది.
మిగిలిందంత సీకటే.
పొద్దు పొట్టిగై రాత్రి పొడుగైతెనే చామంతి మొగ్గేస్తది."

ఏ రంగు, ఎన్ని వాట్లు, ఎంత ఎత్తు,
అన్నిటికీ గళ్ళు గీసిన.
సీకటికి గడి గీయలేదు.

టైమర్ పది గంటలకు తిప్పిన.
హైమాస్ట్ లైటు దూరకుంట కిటికీకి డ్యూటీ రగ్గు కట్టిన.
అర్ధరాత్రి ఇంటికొచ్చి లైటు వేయకుంట
స్టూలు తాకి, బొటనవేలు పట్టుకొని కూసున్న.
ఆ ఇంట్ల మూడు మొక్కలు నిద్రపోతున్నయని
ఎవరికి చెప్పుకుంట?

వెచ్చటి తెలుపుది ముందు మొగ్గేసింది.
చల్లటిది ఆలిస్యంగ, నాలుగే.
ఊదా దానివి
వేళ్ళతోని తడిమి లెక్కపెట్టిన: పదకొండు.
విచ్చినంక సుత ఏ రంగో తెల్వలేదు,
ఆ వెలుగుల మందారం లెక్క ఎర్రగున్నయి.
మిగిలిన రెండు కుండీలు ఇంకా ముడుచుకునే ఉన్నయి.

ఒక పొద్దుగాల గూడ్సు కదిలింది.
కుండీ ఎత్తుకొని బయట మెట్ల మీద పెట్టిన.

పసుపు.

మా రూలు పుస్తకంల పసుపంటే
పోవచ్చు, కని
తర్వాతి సిగ్నల్ కాడ ఆగనీకి తయారుండాలె.

ఓదెమ్మకు ఫోన్ చేసి చెప్పిన.
అవతల కొంచెంసేపు మాట లేదు.
"అట్లనా," అన్నది,
"నేను తెల్లయి అనుకుంటున్న ఇన్నేండ్లు.
నాది నైట్ డ్యూటీ గద బిడ్డా,
లాంతరు కింద తెలుపూ పసుపూ ఒక్కతీరే."