పదమూడు ప్రశ్నార్థకాలు

శుక్రవారం సర్వర్ మార్చారు.
సోమవారం రాత్రి పదకొండున్నరకి
నానక్‌రామ్‌గూడలో, ఏడో అంతస్తులో,
బిల్డ్ ఎర్రబడి కూర్చుంది.

మూడు వందల పన్నెండు టెస్టుల్లో
తప్పింది ఒక్కటే.
రావలసింది: గుడిమల్కాపూర్.
వచ్చింది:
?????????????

మేం రాసేది బస్టాపుల బోర్డులకి సాఫ్ట్‌వేర్.
ఐదింటికి డిపోలోంచి మొదటి బండి కదిలేలోగా
పేర్లన్నీ బోర్డులెక్కాలి.

నా లాప్‌టాప్‌లో ఆకుపచ్చ.
తబస్సుమ్ లాప్‌టాప్‌లో ఆకుపచ్చ.
"మన దగ్గర మంచిగనే నడుస్తుంది గదక్కా" అంది.
చేరి రెండు నెలలే,
ఆ మాట అనడానికి ఇంకా సిగ్గు పుట్టలేదు.
బస్సెక్కేవాళ్ళు వచ్చి
నా లాప్‌టాప్ ముందు నిలబడరమ్మా, అన్నాను.

చేయాల్సిన తంతులన్నీ చేశాం.
క్యాష్ తుడిచాం.
జార్ ఫైళ్ళన్నీ పారేసి మళ్ళీ దించాం, నలభై నిమిషాలు,
బయట వాన, లోపల నత్తలా నెట్.
ప్లగిన్ వెర్షన్ ఒక మెట్టు తగ్గిస్తే
పక్క ప్లగిన్ అలిగింది.
దాన్ని బుజ్జగిస్తే మొదటిది మూతి తిప్పుకుంది.
నాలుగు వేల లైన్ల లాగ్‌లో
అసలు సంగతి ఎప్పటిలాగే
ఎవరూ చదవని ఒక పసుప్పచ్చ హెచ్చరిక.

"పదమూడెందుకక్కా?
చూస్తే ఆరక్షరాలే ఉన్నయ్ గదా."

ఆ ప్రశ్న నాకు రాలేదు.
పిజ్జా డబ్బా మూత మీద పేరు విడగొట్టాం.
గ, దాని కొమ్ము. డ, దాని గుడి.
మ. ల, కింద పొల్లు.
క, దీర్ఘం. ప, కొమ్ముదీర్ఘం.
ర, మళ్ళీ పొల్లు.
సరిగ్గా పదమూడు.
పలక మీద దిద్దిన గుణింతం
ముప్పై నాలుగేళ్ళకి జీతం తెచ్చింది.

మెషీన్ అబద్ధమాడటం లేదు పాపం.
ఒక్కో ముక్కనీ ఎత్తి చూపించి
ఇదేంటి, ఇదేంటి అని అడుగుతోంది.
అది తెలుగని దానికెవరూ చెప్పలేదు.

చెప్పాం కదా!
స్క్రిప్ట్ మొదట్లోనే ఉంది, యూటీఎఫ్ ఎనిమిది అని.
కంపైలర్ వింది కూడా.
కానీ టెస్టులు నడిపే ప్లగిన్
తన చేతులతో చేయదు,
ఇంకో జావాని పుట్టించి పని దానికి అప్పజెబుతుంది.
తల్లి చెవిన పడ్డ మాట
ఆ పిల్లదాకా పోలేదు.
పాత సర్వర్ అలవాటు కొద్దీ
చెప్పకపోయినా చదివేది.
కొత్తదానికి ఏ ఊరి అలవాటూ లేదు.

పిల్లకి విడిగా చెప్పే లైన్ ఒకటుండాలి.
వెతికితే,
ఉండేది.
ఎప్పుడో మానేసి వెళ్ళిన దామెర వీరభద్రం రాసిన లైన్.
దాని నెత్తిన ఆయనే పెట్టిన కామెంట్:
"ఎందుకో గుర్తులేదు. తీయకండి."

ఎవరు తీశారు?
చరిత్రని అడిగాను.
పందొమ్మిది రోజుల కింద, మధ్యాహ్నం మూడుంబావుకి,
"అనవసరమైనవి శుభ్రం చేశాను" అని రాసి
నా పేరు.

తబస్సుమ్ స్క్రీన్ వైపు చూడలేదు.
చల్లారిన చాయ్‌లోకి చూసింది, చాలాసేపు.

లైన్ తిరిగి పెట్టాను.
"ఎందుకో గుర్తులేదు" కొట్టేసి
ఎందుకో మూడు వరసల్లో రాశాను.
"తీయకండి" ముట్టుకోలేదు.

మూడూ పదికి ఆకుపచ్చ.
ఎవరం చప్పట్లు కొట్టలేదు.
తబస్సుమ్ పిజ్జా మూత చింపి
గుణింతం ఉన్న ముక్క సంచిలో వేసుకుంది.

మెహదీపట్నం దాటాక
క్యాబ్‌కి అడ్డంగా ట్రాలీ ఆటోలు,
తడిసిన బంతిపూల మూటలు, మార్కెట్‌కి.
"ఇదే టైముకు రోజూ గిట్లనే మేడం" అన్నాడు డ్రైవర్,
ఇంజన్ ఆపేసి.

స్టాపు దగ్గర మా కొత్త బోర్డు ఇంకా వెలగలేదు.
దాని వెనక పాత రేకు బోర్డు,
రంగు రాలి చివర 'ర్' పోయింది,
మధ్యలో 'ల్కా' సగమే.
దాని కింద నలుగురు
పూలబుట్టలు పెట్టుకుని
మొదటి బండి కోసం నిలబడి ఉన్నారు.