వయసు గడి

ఫారం మీద పేరు పక్కన చిన్న గడి: వయసు.
ముప్పై నాలుగేండ్లుగ ఎంజీఎం ల్యాబుల
నేను ఎక్కువ సేపు చూడని గడి అదొక్కటే.

ఇయ్యాల చూసిన.
మామిడాల ఓదెలు, డెబ్బై ఒకటి, కొత్తవాడ.
ఫార్మలిన్ సీసాల శెనగబద్దంత తునక,
పెద్దపేగుల నుంచి తీసింది.

మైనంల పోసి దిమ్మ చేసిన,
కత్తి మీద నాలుగు మైక్రాన్లకు కోసిన.
గోరువెచ్చని నీళ్లల్ల పొర తేలింది
ఉల్లిపొర దానిముందు గోనెసంచి.
ముడత పడకుండ కుంచెతోని సదిరిన.

పొద్దున వరండల బెంచీ మీద ఆయన అడిగిండు నన్ను,
డాక్టర్‌ను అడగబుద్ధి కాలేదట:
"నేనేం తప్పు జేసిన బిడ్డా?
బీడీ ముట్టలే. కల్లంటె పీరీల పండుగనాడు ఒక్క సీసా.
మగ్గం గుంటల కాళ్లు పెట్టుకోని కూసున్న,
గంతే గద."

అరవై దాటిన నన్ను బిడ్డా అన్నడు.
ఏం చెప్పాలె?

నాకు తెలిసినంత చెప్పిన.
తాతా, నీ పేగు లోపలి పొర
నాలుగైదు రోజులకోసారి కొత్తగ నేసుకుంటది.
పాతదాన్ని చూసి కొత్తది, దాన్ని చూసి ఇంకోటి.
పోగు తెగుతది. ముడేసేటోడు లోపల్నే ఉంటడు.
వానికి గూడ రెప్ప పడ్తది ఎప్పుడన్న.
ఏడాదికి కొన్ని తప్పులు మిగుల్తయి,
చానామటుకు ఎవలికీ అడ్డం రానివి.
ఏ నాలుగో ఐదో ఒక్క కణంలనే కలిసేదాక
వాటికి పేరు లేదు, నొప్పి లేదు.
కలవాలంటె కావాల్సింది ఏండ్లు.
నువ్వు చేసిందేం లేదు. చాన రోజులు ఉన్నవు.

ఓదెలు తువ్వాలతోని మూతి తుడుసుకున్నడు.
"జంపఖానకు లోపలి దిక్కంటూ ఉండదు బిడ్డా,
రెండు దిక్కులా ఒక్కతీరే.
ముడిని పేకల్నే దాస్తం.
కొన్నోనికి తెల్వది.
నేసినోని వేలికి తెలుస్తది."

ఆయనకు చెప్పనిది ఒకటుంది.
పోగు కొసలకు కుచ్చులున్నట్టు
కణంల రాతకు గూడ కొసలుంటయి,
నేసినప్పుడల్లా ఇంత అరుగుతయి.
బాగ అరిగినంక కణం తనంతట తానే
మగ్గం దిగుతది.
దిగబట్టే ఇన్నేండ్లు గడ్డ లేదు మనకు,
దిగబట్టే పుండు మానుడు ఆలస్యం, తోలు వదులు.
ఆగితే ముసలితనం.
ఆగాల్సింది ఆగకుంటె, ఈ సీసాలది.

దిగినయి ఊకుంటయా?
ఆజంజాహి మిల్లు మూతబడ్డంక
గేటు ముంగట కూసున్నోళ్ల తీరు
సణుగుతయి, కుంపటి రాజేస్తయి,
ఆ సెగ పక్క మగ్గాలకు తాకుతది.
(మా నాయన గూడ రెండేండ్లు ఆ గేటుకాడనే కూసున్నడు.
ఆయన్ను అననీకి నాకు నోరు రాదు,
కణాలనూ అనను.)
అప్పటికి గస్తీ తిరిగేటోళ్లకు గూడ
చూపు మందమైతది, దొంగను చుట్టం అనుకుంటరు.

మధ్యాన్నం రంగు ఎక్కింది. ఊదా, గులాబీ.
రిపోర్టు రాసుడు నా పని కాదు,
కండ్లు మూసుకునుడు గూడ కాదు.
ఒక మూలకు వరుస తప్పిన గ్రంథులు,
ఒకదాని మీద ఒకటి పడి, సందు లేకుండ.
ఆ పక్కనే, వెంట్రుకంత దూరంల,
మంచియి. గుండ్రంగ, వరుసగ,
డెబ్బై ఒక్క ఏండ్లుగ నేస్తున్నయి,
పక్కింట్ల ఏమైందో తెల్వనట్టు.
వాటినే చాన సేపు చూసిన.

పోయేముందు ఆయన ఇంకోటి అడిగిండు:
మగ్గం మీద సగం జంపఖాన ఉన్నదట,
నీలం పూలది, కాజీపేట ఫంక్షన్ హాలోళ్లది.
"పదిహేను రోజుల పని. ఆపరేషన్ లోపల అయితదా?"
అయితది అన్న.
అనొచ్చో లేదో తెల్వది.

వచ్చే నెల నా రిటైర్మెంటు.
ఆ ఫారంల గూడ ఇదే గడి ఉన్నది, నింపిన.

స్లైడుకు లేబులు అతికిచ్చిన.
నంబరు, తారీఖు.
వయసుకు జాగ లేదు.